చక్రాలు పోయిన సైకిల్

ఏడాది పాటు నానబెట్టి నానబెట్టి, లెక్కల మాస్టారు జోయెల్ ఎట్టకేలకు తన రోడ్ బైక్‌కు ఒక ఫ్రేమ్ ఎంచుకున్నాడు. కార్బన్‌ది, చిటికెన వేలితో ఎత్తొచ్చు. దాన్ని వరండా కొక్కేనికి వేలాడదీసి, చక్రాల దగ్గర మళ్లీ ఆగిపోయాడు. రిమ్ము లోతుగా ఉంటే వేగం, కానీ పక్కగాలి కొడితే పొలంలోకి తోస్తుంది. లోతు తక్కువైతే క్షేమం, కానీ కంటికి ఆనదు. "పెళ్లిచూపుల్ల నన్ను జరసేపే సూసిండ్రు. గా చక్రాలను ఎన్ని నెలలు సూస్తరు?" అని భార్య పెర్సిస్ కస్సుమన్నాక, భయపడి లోతువాటికే ఆర్డర్ పెట్టాడు.

అవి కొరియర్ ఆఫీసుకు వచ్చాయని ఈ పొద్దున ఫోను. తెచ్చి బిగించుకుని, రేపు తెల్లారగానే పట్నం సైకిల్ బృందంతో తూప్రాన్ దాకా తొక్కాలి. "నా చేత్తో బిగించుకున్న బండి మీదనే వస్త" అని గ్రూపులో వారం నుంచి ఊదరగొడుతున్నాడు మరి. వెళ్లకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఉత్సాహం ఆగక రేపటి బిగుతు నల్ల బట్టలు, ముఖానికి దుమ్ము గుడ్డ, నల్ల కళ్లద్దాలు, హెల్మెట్ అప్పుడే తొడిగి గేటు దాటబోతుంటే, పక్కింటి నిర్మలమ్మ వరండాలోకి చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో బిడ్డా! చక్రాలు ఎవడు ఎత్తుకపోయిండు?"

"ఎవ్వలు ఎత్తుకపోలే పెద్దమ్మా. సైకిల్ గిట్లనే వస్తది. చక్రాలు మనం వేరే కొనుక్కోవాలె."

"చక్రాల్లేని సైకిల్ ఎవడన్న కొంటడా? ఇజ్జత్ పోతదని దాస్తున్నవ్ గని, నాకెర్క లేదా!"

వాదిస్తే ఆలస్యమవుతుందని జోయెల్ వెళ్లిపోయాడు. అదే కొంప ముంచింది. నిర్మలమ్మ చర్చి స్త్రీల వాట్సాప్ గ్రూపులో దొంగతనం సంగతి చెప్పి ప్రార్థన కోరింది. క్షణాల్లో పరామర్శలు మొదలయ్యాయి. ఉత్త చేతులతో వస్తే ఏం బాగుంటుందని ఒకరు పాలబండి చక్రం తెచ్చారు, మరొకరు తమ కూతురు అంకిత చిన్నప్పటి గులాబీ రంగు సైకిల్ చక్రం ఊడదీసి తెచ్చారు. మగవాళ్లు కర్రలు పట్టుకుని దొంగ కోసం వీధి మొదట్లో కాపు కాశారు.

సరిగ్గా అప్పుడే ముఖం కనబడని నల్ల బట్టల మనిషి ఒకడు, చెరో భుజాన ఒక్కో చక్రంతో వీధిలోకి వచ్చాడు.

"దొరికిండురో!"

నలుగురూ మీద పడి హెల్మెట్, ముఖం గుడ్డ లాగితే లోపల జోయెల్ ఉన్నాడు. అంతా నోళ్లు తెరిచారు. నిర్మలమ్మ మాత్రం తడుముకోలేదు. "దొంగల చేతులకెల్లి గుంజుకొచ్చిండు నా బిడ్డ! శాబాష్!" చప్పట్లు కొడుతూ అతన్ని ఇంటిదాకా తీసుకొచ్చారు. మోచెయ్యి గీసుకుపోయినా జోయెల్‌కు లోలోపల గర్వంగానే అనిపించింది.

"ఐనా వాటితోని పని లేదు సార్," అన్నాడు వరండాలోంచి సైకిల్ షాపు ఎల్లం, చెమట తుడుచుకుంటూ. "నేను బిగించేసిన. ముందుగాల చక్రాలు పడలే. జర ఆకురాయి పెట్టిన, జర సుత్తెతోని కొట్టిన. ఫట్‌మన్నది గని, కూసున్నది."

ముందు పాలబండి చక్రం, వెనక గులాబీ చక్రం, నడుమ రెండుగా చీలిన ఫ్రేమ్. జోయెల్‌కు ఏడుపొచ్చింది. చుట్టూ అందరూ మెచ్చుకోలు కోసం అతని మొహంలోకే చూస్తుంటే, వెళ్లి ఎల్లం భుజం తట్టాడు.

"ఏందో ఒక చక్రం పడితే సాలని కొక్కేనికెల్లి ఫ్రేమ్ నేనే తీసిచ్చిన," అంది పెర్సిస్ చిన్నగా.

మర్నాడు పట్నం బృందం జోయెల్ లేకుండానే తూప్రాన్ దారి పట్టింది. విరిగిన ఫ్రేమ్‌ను అటక మీదికి ఎక్కించి, ఖాళీ కొక్కేనికి కొత్త చక్రాలు తగిలించి, వాటికి సరిపోయే ఫ్రేమ్ కోసం అతను మళ్లీ ఫోన్ తెరిచాడు. గేటు దగ్గర గుండెలు బాదుకున్న చప్పుడైంది.

"అయ్యో బిడ్డా! చక్రాలు ఇడిసిపెట్టి గీసారి సైకిలే ఎత్తుకపోయిండ్రా?"

జోయెల్ చక్రాలు రెండూ చంకన పెట్టుకుని లోపలికెళ్లి గడియ వేసుకున్నాడు. వీధి మొదట్లో ఎల్లం అప్పటికే సుత్తి పట్టుకుని బయల్దేరాడు మరి.