ఫొటోలో వంతెన పదిలం

సెన్సారు లేని దేశంలో మనుషులు అసలెలా బతుకుతారండీ? తలుచుకుంటేనే నాకు జాలేస్తుంది!

యుద్ధానికి ముందు పొద్దున్నే ఫోన్ తెరిస్తే చాలు, గుండె దడ. ధరలు, దొంగతనాలు, నాయకుల బూతులు. ఇప్పుడో? తెరిస్తే విజయం, మూస్తే విజయం. కామెంట్లలో లవ్ గుర్తు ఒక్కటే పనిచేస్తుంది. ఏం రాయాలా అని బుర్ర బద్దలు కొట్టుకునే పనే లేదు. నాబోటి బద్ధకస్తుడికి ఇంతకంటే ఏం కావాలి?

మొన్న బ్రెడ్ షాపు ముందు క్యూలో నిలబడి, అరికాళ్లు మంటలెత్తి ఒక ఫొటో పెట్టాను. క్షణంలో మాయం! కాసేపటికి అదే ఫొటోతో ప్రభుత్వం వారి పోస్టు వచ్చింది: 'తాజా బ్రెడ్‌పై వెల్లువెత్తిన ప్రజాభిమానం.' నేనేమో ఆకలికి నిలబడ్డాననుకున్నాను. అభిమానంతోనట! నా కడుపు సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు.

కరెంటు పోతే 'చీకట్లో పౌరుల స్వచ్ఛంద సాధన' అని వీడియో పెట్టారు. కరెంటు లేక నా ఫోన్ చచ్చింది కాబట్టి చూడలేకపోయాను గానీ, చాలా బాగుందట.

మా కింది వాటాలో టైలరున్నాడు. వీధంతా ఆయన్ని జనరల్ అంటారు. కూల్చిన విమానాల పోస్టులన్నీ కూడి లెక్క చెబుతుంటాడు. శత్రువు దగ్గర ఉన్నవాటికంటే మనం కూల్చినవే ఎక్కువ తేలాయి.

"అదెలాగండీ జనరల్ గారూ?" అన్నాను.

"పక్కవాళ్లని అడుక్కొచ్చి మరీ కూల్పించుకుంటున్నాడయ్యా, సిగ్గులేని వెధవ!"

ఇక వంతెన సంగతి. బాంబు పడి ఏటి మీద వంతెన నడుమ భాగం నీళ్లలో కూలింది. మా మేడ ఎక్కితే కనిపిస్తుంది. మా బావమరిది బస్సు డ్రైవరు, రోజూ అదే దారి. మా ఆవిడ తన తమ్ముడికి ఫోన్ చేస్తే కలవలేదు. దేశ భద్రత కోసం కాల్స్ ఆపారు. సోషల్ మీడియా మాత్రం వదిలారు, విజయాలు చూడాలి కదా! దాంతో పోస్టు పెట్టింది: 'వంతెన విరిగింది. బస్సులు అటు పంపకండి.'

ఫోన్ కింద పెట్టకముందే తీసేశారు. 'వదంతి' అని ముద్ర కొట్టారు. పైగా వంతెన ఫొటో ఒకటి పెట్టారు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిగనిగలాడుతూ. మా ఆవిడ ఆ ఫొటో చూసి, ఏటి వంక చూసి, "ఏమండీ, నా కళ్లు గానీ పోయాయా?" అని ఏడ్చింది. అంబులెన్సు రావడానికి పూటంతా పడుతుంది, పోస్టు తీసేవాళ్లకి రెప్పపాటు చాలు. ఇంత చురుకైన శాఖ ఇంకొకటి చూపించండి!

డిపో మేనేజరు ఆ ఫొటో నమ్మి బస్సు పంపాడు. మావాడు మలుపు తిరిగి బ్రేకు తొక్కేసరికి ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. బ్రేకు మీద కాలు తీయకుండానే అందర్నీ వెనక తలుపు లోంచి దింపేశాడు. ఆఖరి మనిషి దిగాక బస్సు వాడితో సహా కిందికి పోయింది. ప్రాణం దక్కింది. కాలు విరిగింది.

ఎలా విరిగింది? వంతెన బాగానే ఉందాయె! అందుకని డాక్టరుగారు తల వంచుకుని 'బాత్రూంలో జారిపడ్డాడు' అని రాశారు. ఆ వార్డులో అందరూ బాత్రూంలో జారినవాళ్లే. ఒకాయన ఒంట్లోంచి ఇనుప ముక్కలు తీశారు. ఏం బాత్రూమో మరి! మర్నాడు ప్రభుత్వం వారి పోస్టు: 'తడి నేలతో జాగ్రత్త.' నేను లవ్ కొట్టాను.

బస్సులో వాళ్లు మావాణ్ణి చూడ్డానికొచ్చారు. తలుపు దగ్గర పోలీసు ఉన్నాడు. దేనికని దండం పెడతారు? ఒక ముసలావిడ వాడి చెయ్యి పట్టుకుని, "నాయనా, నువ్వు బాత్రూంలో అలా జారబట్టే నా మనవరాలు బతికింది" అంది. వాడు భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

కాబట్టి సెన్సారుకి జై! తీసేసే దొరలకి నాదొక్కటే మనవి. మా ఆవిడ పోస్టు తీసేశారు, సంతోషం. ఈ వ్యాసమూ తీసేయండి, ఏమీ అనుకోను. ఆ వంతెన ఫొటో మాత్రం ఇంకా అక్కడే ఉంది. అదున్నంత కాలం ఆ రూటు ఆపే అధికారం తనకి లేదంటున్నాడు మేనేజరు. దాన్నీ తీసేయండి బాబూ. రేపు పొద్దున బస్సుకి కొత్త డ్రైవర్ని వేశారు.