బొటనవేలికి ఇంకో రెండు వారాలు

శుక్రవారం ఉదయం డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు వీధుల అవతల ఉన్న దుకాణంలో పది గంటలకు కొత్త గేమ్ కన్సోల్ అమ్మకానికి వస్తుంది. చేతుల్లో పట్టుకుని ఆడుకునే రకం. వెళ్లాలి, పది నిమిషాలు ఆడి చూడాలి, కొనాలో వద్దో తేల్చుకోవాలి, పన్నెండింటి పేషెంటు వచ్చేలోగా క్లినిక్‌లో ఉండాలి.

ఆయన ఫిజియోథెరపిస్టు. చేతులకు, వేళ్లకు వైద్యం చేయడంలో పేరున్నవాడు. నలభై ఆరేళ్లు. క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునేది ఆయన భార్యే. ఒక యంత్రం చూసి వస్తానని ఆమెకు చెప్పాడు. ఏ యంత్రమని ఆమె అడిగింది. చేతులకు సంబంధించిందన్నాడు. అబద్ధమేమీ కాదు. అయినా మెట్లు దిగుతుంటే చెవులు వేడెక్కాయి.

వేడెక్కడానికి వేరే కారణం ఉంది. ఆయన డ్రాయర్లో అప్పటికే ఒక పాత కన్సోల్ ఉంది. అది ఆయనది కాదు.

వీధంతా 'కత్తెర' అని పిలిచే యువకుడిది. కత్తెరకు సొంత సెలూన్ ఉంది. ఒకే కుర్చీ, ఒకే అద్దం. పని ఉన్నంతసేపూ జుట్టు కత్తిరించడం, పని లేనప్పుడల్లా గేమ్ ఆడటం. దాంతో కుడి బొటనవేలి మొదట్లో వాపు తేలింది. ఆరు వారాల క్రితం వచ్చినప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు, నాలుగు వారాలు రెండూ మానేయమని. కత్తెర మర్నాడే ఆ కన్సోల్‌ను సంచీతో సహా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు, నయమయ్యేదాకా మీ దగ్గరే దాచండని బతిమాలాడు.

నాలుగో రోజు భోజనాల వేళ డాక్టరు దాన్ని బయటికి తీశాడు. పేషెంటుకు నొప్పి ఏ కదలికతో వస్తోందో చూద్దామనే. ఆ శాస్త్రీయ దృష్టి పది నిమిషాలుంది. వారం తిరిగేసరికి రోజూ భోజనాల వేళకు గది తలుపు గడియ పడసాగింది. లోపల పరిశోధన వ్యాసం రాసుకుంటున్నారని, చప్పుడు చేయొద్దని భార్య పేషెంట్లకు మెల్లగా చెప్పేది.

నాలుగు వారాలకు వాపు పూర్తిగా పోయింది. కత్తెర బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూస్తూ డాక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. గేమ్‌లో నాలుగో కోట తలుపు సగం తెరుచుకుని ఉంది.

"పైకి తగ్గినట్టుంది కాని లోపల ఇంకా ఉంది. ఇంకో రెండు వారాలు" అన్నాడు.

ఆ మాట అన్నందుకు ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. మర్నాడు అసలు అన్నం జోలికే వెళ్లలేదు. గడియ వేసుకున్నాడు.

ఆ రెండు వారాలూ రేపటితో అయిపోతాయి. పాతది తిరిగి ఇచ్చేయాలి. మరి కొత్తది ఇవాళే కొనాలా? వ్యాయామాలు రాసిచ్చే కాగితం మీద నిలువుగా గీత గీసి లెక్క వేసి చూశాడు. మొదటి రోజే కొంటే ధర ఎక్కువ, ఏ లోపం ఉంటుందో తెలియదు. ఆరు నెలలు ఆగితే ధర దిగుతుంది, లోపాలు సరిదిద్దుతారు. తెలివైనవాడు ఆగుతాడు. కాని ఆరు నెలలు ఆగాలంటే కత్తెర బొటనవేలు కూడా ఆరు నెలలు నయం కాకూడదు. తన బుర్రకు ఆ లెక్క తట్టినందుకు తనకే భయం వేసి కాగితం చింపేశాడు.

దుకాణం ముందు పాతికమంది వరసలో ఉన్నారు. అందరిలోకీ పెద్దవాడు తనే. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని ఫోనులో ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. పదింటికి తలుపులు తెరిచారు. లోపల ఎర్ర టీషర్టు తొడుక్కున్న సేల్స్‌మన్ చిరునవ్వుతో ఎదురొచ్చాడు.

కత్తెర.

"డాక్టర్ గారూ, మీరేంటి సార్ ఇక్కడ?"

"నువ్వేంటయ్యా ఇక్కడ?"

"ఉద్యోగం సార్. ఇవాళే చేరా. ఆరు వారాలు చూపించినా తగ్గలేదంటే ఇక అది తగ్గే వేలు కాదురా అన్నాడు మా అన్నయ్య. తనే వీళ్లతో మాట్లాడి పెట్టించాడు. ఇక్కడ పనంతా నోటితోనే, వేలితో పనుండదు." కత్తెర నవ్వబోయాడు, నవ్వు సరిగ్గా రాలేదు. "సెలూన్ ఎత్తేస్తున్నా సార్. కుర్చీకీ అద్దానికీ బేరం కుదిరింది. పన్నెండింటికి వచ్చి పట్టుకుపోతారు."

గోడ గడియారం పదీ ఐదు చూపిస్తోంది. నీ వేలు ఎప్పుడో నయమైందయ్యా అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. డాక్టరు నోరు తెరిచాడు. వెనక వరసలో వాళ్లు ముందుకు నెడుతున్నారు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేను... మా పేషెంట్ల కోసం వచ్చాను. ఈ కొత్తది బొటనవేలిని ఏం చేస్తుందో ముందే చూసుకోవాలి కదా."

కత్తెర కళ్లు చెమ్మగిల్లాయి. డాక్టరుకు అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కాని భూమి సహకరించలేదు, మేనేజరు మాత్రం సహకరించాడు. కత్తెర వెళ్లి చెవిలో చెప్పగానే ఆయన పరుగున వచ్చి, వరసతో పనిలేకుండా డాక్టరును లోపలికి తీసుకెళ్లి, మెత్తటి కుర్చీ వేయించి, కొత్త కన్సోల్ చేతికిచ్చాడు. మిగతావాళ్లకు పది నిమిషాలే, మీకు ఎంతసేపైనా అన్నాడు. ఐదు నిమిషాల్లో డాక్టరు తల వెనక ఒక అట్ట వేలాడింది: 'చేతుల డాక్టరు గారు ఇవాళ మన దుకాణంలో. ఉచిత సలహా.'

ముందుగా ఒక కాలేజీ లెక్చరరు బొటనవేలు చాపాడు. తర్వాత ఒక పెళ్లికూతురు, ఆమె వెనక ఆమె కాబోయే మామగారు. కొనడానికి వచ్చినవాళ్ల వరస కాస్తా చూపించుకునేవాళ్ల వరసైంది. డాక్టరు ఒళ్లో కన్సోల్ పెట్టుకుని ఒక్కొక్క వేలూ నొక్కి చూశాడు. రోజుకు పది నిమిషాలకు మించి ఆడొద్దని, మాట మీద నిలబడటం ముఖ్యమని చెప్పాడు. ఆ రెండో ముక్క అంటున్నప్పుడు ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. పక్కనే కత్తెర మాత్రం ప్రతి ముక్కకూ తల ఊపుతూ, మా సార్ అని అందరికీ చెప్పుకుంటున్నాడు.

పదకొండింటికి కత్తెర దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. దుకాణంలో ఎక్స్చేంజ్ ఉందట. పాతది ఇస్తే కొత్తదాని మీద మంచి తగ్గింపు. తన పాతది తనకెలాగూ ఇక పనికిరాదు, కాబట్టి ఆ తగ్గింపు డాక్టరుకే రాయించేస్తాడు.

"వద్దు" అన్నాడు డాక్టరు.

"కాదనకండి సార్. ఆరు వారాలు నా చెయ్యి పట్టుకుని చూశారు. నయం కాకపోవడం మీ తప్పా? గురుదక్షిణ అనుకోండి. ఆల్రెడీ మేడమ్‌కి ఫోన్ చేసి, డ్రాయర్లోది తెమ్మన్నాను."

డ్రాయరు తాళంచెవి తన జేబులో ఉందని డాక్టరు గబగబా చెప్పాడు. మేడమ్ దగ్గర ఇంకోటి ఉందటగా అన్నాడు కత్తెర నిశ్చింతగా.

పన్నెండు నిమిషాల్లో ఆమె వచ్చింది. చేతిలో సంచీ. తల వెనక అట్టను ఒకసారి, ఒళ్లో కన్సోల్‌ను ఒకసారి చూసింది. సంచీని తిన్నగా ఎక్స్చేంజ్ కౌంటరు మీద పెట్టింది. అక్కడి అమ్మాయి పాత కన్సోల్‌ను ఆన్ చేసి, పద్ధతి ప్రకారం తెర మీద ఉన్నది పైకి చదవసాగింది.

"బ్యాటరీ తొంభై రెండు శాతం. గత ఆరు వారాల్లో ఆడింది యాభై మూడు గంటలు. ఆఖరుసారి నిన్న మధ్యాహ్నం ఒకటీ నలభైకి." ఆ అమ్మాయి మీటలు నొక్కి చూసింది. "కుడివైపు మీట బాగా అరిగిపోయింది సార్. ఇంతలా వాడితే తగ్గింపు పూర్తిగా రాదు."

డాక్టరు భార్య భర్తవైపు తిరిగింది.

"పరిశోధన వ్యాసం ఎంతవరకు వచ్చిందండీ?"

దుకాణమంతా ఇటే చూస్తోంది. డాక్టరు ముఖం కత్తెర టీషర్టు రంగుకు వచ్చింది. అప్పుడు ఆయన్ని కాపాడటానికి ముందుకొచ్చినవాడు కత్తెరే.

"మీకు తెలీదు మేడమ్. నా నొప్పి ఎక్కడ పుడుతోందో పట్టుకోవడానికి ఆడి ఉంటారు. అంతే కదా సార్?"

అంతే అంటే సరిపోతుంది. లెక్చరరు అప్పుడే తల ఊపాడు. పెళ్లికూతురు మెచ్చుకోలుగా చూసింది. మేనేజరు చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. డాక్టరు పెదవుల మీదికి ఆ మాట వచ్చి నిలబడింది.

"యాభై మూడు గంటలు" అన్నాడు కత్తెర తనలో తను అనుకుంటున్నట్టు. "నాకోసం ఎవరూ అంత కష్టపడలేదు సార్. అయినా తగ్గలేదంటే నా వేలిదే లోపం. ఇక పోనీలెండి, ఆ కుర్చీ ఎవరికో ఒకరికి పనికొస్తుంది."

పదకొండున్నర. డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"నీ వేలు రెండు వారాల కిందటే నయమైంది" అన్నాడు. "నొప్పి కోసం ఆడలేదు. గేమ్ కోసం ఆడాను. నాలుగో కోట దాటాలని నీకు ఇంకో రెండు వారాలు చెప్పాను."

కత్తెర తన కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలిని చూసుకున్నాడు. మెల్లగా వంచాడు. చాపాడు. మళ్లీ వంచాడు. తర్వాత ప్యాకింగ్ బల్ల దగ్గరికి నడిచి, అక్కడున్న కత్తెర అందుకుని, రెండుసార్లు గాలిలో ఆడించి చూశాడు.

"కూర్చోండి సార్."

డాక్టరు కూర్చున్నాడు. ఎందుకని అడిగే స్థితిలో లేడు. ఆయన భార్య ప్యాకింగ్ కాగితం ఒక మూర చించి తెచ్చి, భర్త మెడ చుట్టూ కట్టింది. ముడి అవసరమైనదానికంటే బిగుతుగా పడింది.

పాతికమంది చూస్తుండగా, తన గురించి రాసిన అట్ట కింద తల వంచుకుని డాక్టరు జుట్టు కత్తిరించుకున్నాడు. వరసలో వాళ్లు ఫోన్లు పైకెత్తారు. పావుగంటసేపు కత్తెర చెయ్యి ఆగలేదు. ఆ తర్వాత చెవి పక్క నుంచి అడిగాడు.

"ఎన్నో కోట దాకా వెళ్లారు?"

"ఐదు."

"నేను మూడోది దాటలేదు, ఏడాది నుంచి."

ఎడమవైపు ఒక పెద్ద పాయ తెగి నేల మీద పడింది.

చివరికి కత్తెర బొటనవేలు నొక్కి చూసుకుని, నొప్పి లేదన్నాడు. ఆ మాట డాక్టరుకు చెప్పలేదు, ఆయన భార్యకు చెప్పాడు. ఎర్ర టీషర్టు విప్పి మేనేజరు చేతిలో పెట్టి, తన పాత కన్సోల్‌ను చంకన పెట్టుకుని, సెలూన్‌వైపు పరుగెత్తాడు. పన్నెండుకు ఇంకా ఏడు నిమిషాలున్నాయి.

మెడకు కాగితంతో డాక్టరు అలాగే కూర్చుండిపోయాడు. ఎక్స్చేంజ్ కౌంటరు అమ్మాయి కాసేపు చూసి, సార్ కోసం తీసిపెట్టిన కొత్తది ప్యాక్ చేయమంటారా అని ఆయన భార్యను అడిగింది. ఆమె అమ్మాయివైపు ఒక్క చూపు చూసింది.

మొదటి రోజే కొనాలా, ఆరు నెలలు ఆగాలా అన్న ప్రశ్న అక్కడితో తేలిపోయింది. ఆ విషయంలో డాక్టరు అభిప్రాయం ఎవరూ అడగలేదు.