బస్సు మాదే, బ్యాటరీ వాళ్ళది

పొద్దున్నే కుట్టు టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సెక్కి ఆఖరి స్టాపులో దిగాలి, ఎదురుగా ఉన్న బడిలో పదింటికి ఇంటర్వ్యూకి కూర్చోవాలి. ఏళ్ళ తరబడి తాత్కాలికంగా లాక్కొస్తున్న ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఆలస్యమైతే ఆ ఉద్యోగం వేరొకరిది. "కంగారుపడకు వదినా, బస్సు ఉందిగా" అని ఆడపడుచు ధైర్యం కూడా చెప్పింది.

ఉంది, ఉంది! సగం దారిలో, నడిరోడ్డు మీద, కదలకుండా ఉంది.

డ్రైవరు మునిసిపాలిటీకి ఫోన్ చేశాడు. "బస్సు మాదే. రిపేర్లు కంపెనీకి ఇచ్చేశాం కదా, వాళ్ళనడుగు." కంపెనీకి చేశాడు. "రిపేర్లు మావే. బ్యాటరీ మాత్రం వాళ్ళే కొనాలి." జనం పన్నులతో కొని, జనం టికెట్ల మీద నడిపే బస్సులో జనాన్ని ఎండబెట్టడానికి ఒక యజమాని చాలలేదు మరి!

"ప్రైవేటోళ్ళకి అప్పజెప్తే ఇంతే!" అన్నాడు రిటైర్డు గుమాస్తా.

"మునిసిపాలిటీ చేతిలోనే ఉంటే అసలు బయలుదేరేదే కాదు మాస్టారూ!" అన్నాడు చెప్పుల కొట్టు యజమాని.

అంతే, ప్రయాణికులు రెండు పార్టీలయ్యారు. "తోస్తే స్టార్టవుతుంది, దిగండి బాబూ" అని డ్రైవరు బతిమాలుకున్నాడు. దిగారు. గుమాస్తా పార్టీ మునిసిపల్ డిపో ఉందని వెనక్కి తోసింది. కొట్టు యజమాని పార్టీ కంపెనీ షెడ్డు ఉందని ముందుకి తోసింది. బస్సెడు జనం చెమటలు కక్కుతూ తోస్తుంటే బస్సు అంగుళం కదిలితే ఒట్టు.

కుట్టు టీచరుకి ఒళ్ళు మండిపోయింది. "సిగ్గు లేదటయ్యా మీకు? బస్సు ఎవరిదైతే నాకేంటి, ఇక్కడ నా ఉద్యోగం పోతోంది! గుమాస్తా బాబాయ్‌గారూ, మీరూ ఇటు రండి. అందరూ ముందుకే తోయండి!"

ఆ అరుపుకి అందరూ బస్సు వెనక్కి చేరారు. ఆవిడ అందరికంటే గట్టిగా తోసింది. బస్సు దగ్గి, స్టార్టయి, పరుగందుకుంది.

"ఆపవయ్యా! మేం ఎక్కొద్దూ?"

"ఆపితే మళ్ళీ ఆగిపోతుందమ్మా!" అంటూ డ్రైవరు వెళ్ళిపోయాడు.

ఆవిడ పరుగెత్తుకుంటూ చేరేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది. "బస్సు చెడిపోయిందండీ" అంది రొప్పుతూ.

హెడ్మాస్టరు మొహం చిట్లించాడు. "అబద్ధాలు చెప్పకండమ్మా. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, బస్సు ఠంచనుగా వచ్చింది. సీట్లన్నీ ఖాళీయే. ఎక్కుంటే హాయిగా కూర్చుని వచ్చేవారు."

ఒక్క స్టాపులోనూ ఆగని బస్సు టైముకి చేరక ఏం చేస్తుంది! ఉద్యోగం వేరొకరికి పోయింది.

సమయపాలనకిచ్చే బహుమతిని ఆ నెల మునిసిపాలిటీ, కంపెనీ చెరి సగం పంచుకున్నాయి.