ఎక్కిళ్ల గోలి

మా ఊళ్లో పిచ్చివాళ్లు లేరని ఇందుమూలంగా తెలియజేయడమైనది. నిరుటి దాకా ఒకరుండేవారు. పేరు సౌందర్య. ఆమె కేసును ఊరు ఎలా పరిష్కరించిందో రికార్డు కోసం రాస్తున్నాను.

సౌందర్య బీడీలు చుడుతుంది. నాలుగేళ్ల కింద గోడలు తనను తిడుతున్నాయని చాట విసిరికొట్టి చెరుకు తోటల వెంట తిరిగింది. అప్పుడు ఆమెను ఎవరూ పిచ్చిది అనలేదు. గాలి సోకిందన్నారు, మర్యాదగా. బోధన్‌లో డాక్టర్ జ్యోతిరాణి క్లోర్‌ప్రోమజిన్ అనే పాతకాలపు గోలి రాసింది. గోడలు నోరు మూసుకున్నాయి. బీడీలు మళ్లీ సమంగా వచ్చాయి. అంతా బాగయ్యాక ఆమె సంచిలోంచి గోలీల షీటు జారిపడింది. అప్పుడు తెలిసింది ఊరికి, ఆమె పిచ్చిదని.

బీడీల ఠేకేదారు, మాజీ సర్పంచ్ లక్ష్మీరాజం తక్షణ చర్య తీసుకున్నాడు. ఆమెకు ఆకు, తంబాకు ఇవ్వడం ఆపేశాడు.

"పిచ్చి గోలి మింగేటోళ్లు చుట్టిన బీడీ తాగితే గిరాకీల దిమాక్ ఖరాబైతది," అన్నాడు ప్రజారోగ్యం దృష్ట్యా. పొగాకు మీద ఆయనకు ఎలాంటి అనుమానమూ లేదు.

"నా బతుకే గిది గదా అన్నా! ఏం జేస్తే ఆకు ఇస్తవ్?"

"గోలి బంద్ జెయ్యి. మంచిగైతవ్."

ఆపింది. మూడో రోజుకు గోడ గొంతు సవరించుకుంది.

ఆ వారమే, సరిగ్గా పంచాయతీ ఎన్నికల ముందు, మళ్లీ సర్పంచ్‌గా నిలబడ్డ లక్ష్మీరాజానికి ఎక్కిళ్లు పట్టాయి. ఎక్కిళ్లొస్తే ఎవరో యాది చేస్తున్నారని మా లెక్క. వాళ్ల పేరు చెబితే ఆగుతాయి. ఆయన అనుచరుడు ఎర్రన్న "ఊరంతా మా అన్న యాదిలనే" అని ఫ్లెక్సీ కట్టించి, ఓటర్ల లిస్టు తెచ్చి వార్డుల వారీగా చదివాడు. లిస్టు అయిపోయింది. ఎక్కిళ్లు ఆగలేదు. నాలుగో రోజు అభ్యర్థికి మంచినీళ్లూ దిగక బోధన్ తీసుకుపోయారు. జ్యోతిరాణి పరీక్షలు చేసి ఒక గోలి రాసింది. ఎక్కిళ్లు ఆగాయి.

సభ పెట్టారు. లక్ష్మీరాజం షీటు పైకెత్తి చూపించాడు. "గీ గోలి బంగారం! నన్ను మళ్ల ప్రజల సేవకు నిలబెట్టింది!"

ఆడవాళ్ల వరసలోంచి సౌందర్య లేచి తన షీటు తీసింది.

"అన్నా, నువ్వు బంద్ జెయ్యమన్నది గిదే. పేరు సదువు."

ఎర్రన్న రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి అక్షరమక్షరం చదివాడు. రెండింటి మీదా క్లోర్‌ప్రోమజినే. చదివి, కూర్చున్నాడు.

పెద్దమనుషులు అక్కడే సమావేశమయ్యారు. ఉన్న దారులు రెండే. లక్ష్మీరాజానికి పిచ్చి ఉండాలి, లేదా సౌందర్యకు ఎక్కిళ్లు ఉండాలి. సౌందర్యకు ఎక్కిళ్లేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. గోలి వేసుకోవచ్చు, ఆకు తీసుకుపోవచ్చు. షరతు ఒక్కటే. పొద్దున ఆకు తీసుకునేటప్పుడు పదిమందిలో ఒక్క ఎక్కిలి పెట్టాలి, ఊరి పరువు కోసం.

రోజూ పెడుతోంది. గోడలు నోరు మూసుకున్నాయి. ఊరూ మూసుకుంది.

ఆ తర్వాత జ్యోతిరాణి దగ్గరికి మా ఊరి నుంచి రద్దీ పెరిగింది. పంతులు వచ్చాడు, పాస్టరు వచ్చాడు, చివరికి ఎర్రన్న కూడా మొహానికి తువ్వాల చుట్టుకుని వచ్చాడు.

"నిద్ర పడుతుందా? ఎవరైనా మాట్లాడుతున్నట్టు వినిపిస్తుందా?" అని డాక్టర్ అడుగుతుంది.

"ఏం లేదు మేడం. జర ఎక్కిళ్లు."

మీ ఇంట్లో బియ్యం డబ్బా వెనుక దాచిన షీటు కూడా ఎక్కిళ్లదేనని రాసుకున్నాం. ఏదీ, ఒక్క ఎక్కిలి పెట్టండి.