మగ్గపు గుంత విమోచనము

పెన్న పేరుకు నదిగను చూపునకు ఇసుకగను విరాజిల్లు కడప సీమయందు, కొండరాళ్లు సైతము నీడకై వెదకులాడు వైశాఖ మధ్యాహ్నమున, ఫోనులో సిగ్నలు నిండుగను కుళాయిలో నీరు సున్నగను వర్ధిల్లు ఈ మహోజ్జ్వల కాలమున జరిగిన యొక ఘోరసంగ్రామమును చెప్పెదను. చార్జింగు మిగిలియున్న వారెల్లరు ఆలకింతురు గాక.

తొలుత శత్రువును స్తుతింతము. ‘ప్రచండభేరి డాట్ కామ్’ అను ఆ వార్తాసంస్థ పూర్వాశ్రమమున పెండ్లి వీడియోల దుకాణము. ఒకానొక పెండ్లికొడుకు పీటలపై అలిగిన దృశ్యమునకు లక్షమంది వీక్షకులు లభించుటచే, దాని అధిపతియగు భూపేష్ ఆనాటి నుండియే సత్యమునకు సేవచేయ సంకల్పించెను. ఆ సేవ సత్యమునకు ఇంకను అందలేదు. గండికోట గోడ కూలెనని భేరి మ్రోగగా, కూలినది సినిమావారి అట్టగోడ. ఆత్మకూరు వీధులలో పెద్దపులి సంచరించెననగా, సంచరించినది ఎవరిదో తప్పిపోయిన ఎర్రదూడ. మంగంపేట దిక్కున బంగారము దొరికెనన్నది. దొరికినది ఒకరు పోగొట్టుకొన్న ఉంగరము. వీటిలో ఒక్కదానికైనను సవరణ వేయుట ఆ సంస్థ వంశాచారము కాదు.

అట్టి భేరికి ఎదురునిలిచిన వీరులెవరనగా, ఒక చేనేత ఊరిలో నూలు చీరలు నేసి బ్రదుకు తిమ్మయ్య, ఆతని భార్య సిద్దమ్మ. వారి పాత మగ్గము చెదలు పట్టి కూలినది. క్రొత్తదానికి వడ్రంగితో చెప్పి, నేతగత్తె కూర్చుండి కాళ్లు దింపుకొనుటకు నడిమింట మోకాలి లోతు గుంత త్రవ్వి, ఆచారము తప్పక పసుపు కుంకుమ చల్లి, నిమ్మకాయ కోసి, టెంకాయ కొట్టిరి. సరిగా ఆ క్షణముననే ప్రచండభేరి విలేకరియగు వీరేష్ కిటికీలో తల దూర్చెను. గుంతను చూచెను, నిమ్మకాయను చూచెను. మగ్గపు కొయ్యలు ఇంకను వడ్రంగి వద్దనేయుండుటచే వాటిని చూడలేదు. గడియలో వార్త పుట్టినది: ‘నట్టింట గుప్తనిధుల వేట, క్షుద్రపూజల కలకలం’.

సాయంత్రమునకు సగము ఊరు వాకిట నిలిచినది. ఎస్సై వచ్చి గుంత చుట్టును తాడు కట్టించెను.

“న్యూస్‌లో వచ్చిండాది గదప్పా, కాదని గూడా న్యూస్‌లోనే రానీ. అంతదాకా గుంతలో కాలు పెట్టొద్దు” అని ధర్మనిర్ణయము చేసి వెడలెను.

కాలు దిగనిదే మగ్గమాడదు, మగ్గమాడనిదే ఆ ఇంట పొయ్యి రాజదు. కావున దంపతులిరువురు బస్సునెక్కి, కడపలో సెల్ఫోను అంగడి పైనున్న శత్రుదుర్గమును ముట్టడించిరి.

అంతట భూపేష్ గొంతు సవరించుకొని, “సవరణ ఏస్తే మా పేరేం కావాలమ్మా? ఇన్నేండ్లలో ఒక్క తప్పు గూడా ఒప్పుకోల్యా. శానా కష్టపడి నిలబెట్టుకున్న పేరు. నీ గుంత కోసం పాడుచేసుకోమంటావా?” అని పలికెను.

సిద్దమ్మ చీరకొంగు నడుమున దోపి, “నీ పేరు సల్లగుండనీప్పా. మా పొయ్యి ఆరిపోయిండాది. నిధి ఉండాదని రాసినోనివి నువ్వే, వచ్చి యాడుండాదో సూపియ్యి. లేకుంటే లేదని రాయి. రాసేదాకా ఈడనే కూసుంటాం” అని బదులిచ్చెను.

కూర్చుండుటకు ఆ ఇరుకు గదిలో చోటు ఒక్కటియే గలదు. అది ప్రత్యక్షప్రసారమున భూపేష్ కుర్చీకి సరిగా వెనుక, పచ్చతెర ముందర. ప్రసారవేళ ఆసన్నమైనను వారు కదలలేదు. భూపేష్ దేశరాజకీయములను చీల్చి చెండాడుచుండగా, వెనుక సిద్దమ్మ రెప్పవేయక ఆతని పెడతలను చూచుచుండెను. ఎండకు సొలసిన తిమ్మయ్య తన మహాస్త్రమగు కునుకును ప్రయోగించెను. కామెంట్లు శరపరంపరగ కురిసినవి.

“అన్నా, ఎనకాల ఆ పెద్దాయన ఎవురు?”

“ఆయమ్మ ఎందుకట్ల సూస్తాంది? నువ్వేం జేసినావు?”

“పెద్దాయన ఊపిరి తీస్తాండాడా లేదా, రోంత సూడు.”

దేశమును గూర్చి అడిగినవాడు ఒక్కడు లేడు. తన తెరపై తానే పరాయివాడైన ఆ భేరీపతి చెమటలు తుడుచుకొని, ప్రసారమాపి, క్రొత్త వార్తను వదలెను: ‘ప్రచండభేరి ఎఫెక్ట్: గుంతలో నిధి లేదని తేల్చిన మా బృందం. చేనేత మగ్గానికి విముక్తి’.

ఎస్సై దానిని ఫోనులో రెండుమార్లు చదివి తాడు విప్పించెను. మరునాడు వడ్రంగి మగ్గము బిగించెను. సిద్దమ్మ గట్టున కూర్చుండి రెండు కాళ్లను గుంతలోనికి దింపగా, ఆమె కన్నులు చెమ్మగిల్లినవి. ఈ ఒక్కచోట ఈ కథకునకు నవ్వు రాలేదు.

క్షమాపణ రాలేదు, పాత వార్త పోలేదు, కీర్తియంతయు భేరికే దక్కినది. అయినను జయము జయము. కడప సీమయందు ఆ దినమున సత్యము మోకాలి లోతు గెలిచినది.