మనోజ్ఞకు పట్టిన ఫర్లో యోగం

ఉద్యోగాలన్నిటిలోకీ ఉత్తమమైనది ఏది? సర్కారు కొలువా? కాదు. సాఫ్ట్‌వేరా? ఈ రోజుల్లో దాని పేరెత్తకండి! ఫర్లోలో ఉన్న పైలట్ ఉద్యోగమే ఉత్తమం. పని ఉండదు. కసిరే అధికారి ఉండడు. కోడి కూయకముందే లేచి ఎయిర్‌పోర్టుకు పరిగెత్తే బాధ అసలే ఉండదు. అయినా అడిగినవాళ్ళకు చూపించడానికి ఐడీ కార్డు ఉంటుంది! జీతం రాదన్న చిన్న లోపం ఒకటుంది గానీ, ఏ లోపమూ లేని సంబంధం ఎక్కడైనా దొరుకుతుందా?

నమ్మనివాళ్ళు అశ్వారావుపేట వచ్చి, పామాయిల్ రైతు వెంకటకృష్ణ గారమ్మాయి మనోజ్ఞను చూసిపోవచ్చు.

మనోజ్ఞ ఒక విమాన కంపెనీలో ఫస్ట్ ఆఫీసర్. అంటే కెప్టెన్ పక్క సీటులో కూర్చుని విమానం నడిపే పైలట్. ఉన్నట్టుండి కంపెనీ విమానాలు కొన్ని ఇంజన్లు చెడి మూలనపడ్డాయి. విమానాలు నేలమీద ఉంటే పైలట్లకు ఆకాశంలో ఏం పని? హెచ్చార్ వాళ్ళు వీడియో కాల్ పెట్టి చిరునవ్వుతో చెప్పారు. "మిమ్మల్ని తీసెయ్యడం లేదు. మీరంతా మా కుటుంబమే. కొంతకాలం జీతం లేకుండా ఇంటి దగ్గర ఉండండి, మళ్ళీ మేమే పిలుస్తాం." దీన్నే ఫర్లో అంటారు. ఎప్పుడు పిలుస్తారని ఎవరో అడగబోయేసరికి కాల్ కట్టయింది.

కుటుంబం అన్నాక కోడలిని పుట్టింటికి పంపడం కొత్తేమీ కాదు కదా!

అలా మనోజ్ఞ ఇస్త్రీ మడత నలగని యూనిఫాంతో ఇల్లు చేరింది. ఇంట్లో నిజంగా సంబరపడింది నాయనమ్మ నిర్మలాదేవి ఒక్కతే. "గాల్లో తిరిగే పిల్ల ఇన్నాళ్ళకు నేలమీద కూర్చుని అన్నం తింటోంది. ఆ ఫర్లో ఎవరో గానీ, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి!" అని దీవించింది.

వెంకటకృష్ణ గారు మాత్రం పామాయిల్ మిల్లు ముందు గెలలు దించడానికి ఆగిన ట్రాక్టర్ల వరసలో కనిపించిన ప్రతివాళ్ళకూ "మా అమ్మాయి లీవు మీద వచ్చింది" అని చెప్పారు. లీవు మరీ సాగేసరికి "కంపెనీ వాళ్ళే బలవంతంగా రెస్టిచ్చారు" అన్నారు. అందులో అబద్ధమేముంది?

ఊళ్ళో పైలట్ ఉంటే ఊరికెంత మేలు! ఒక రైతు వచ్చి తన మొక్కజొన్నకు డ్రోనుతో మందు కొట్టిపెట్టమన్నాడు. దానికి లైసెన్సు వేరే ఉంటుందని మనోజ్ఞ చెప్పింది. "ఇంత చదివించినా అదొక్కటి నేర్పలేదా తల్లీ!" అని ఆయన జాలిపడి వెళ్ళిపోయాడు.

ఆ వారమే కోటేష్ వచ్చాడు. ఊళ్ళో సెల్‌ఫోన్ షాపు మీది అంతస్తులో 'పుష్పకం ఏవియేషన్ అకాడమీ' తెరిచినవాడు. పైలట్ కావాలనుకునే పిల్లలను ఎక్కడెక్కడి ఫ్లయింగ్ స్కూళ్ళలోనో చేర్పించడం అతని వ్యాపారం. పర్ణశాల ఇంత దగ్గర పెట్టుకుని, పరాయివాడి విమానం వచ్చి వాకిట్లో దిగితే ఏం జరుగుతుందో మనవాళ్ళకు ఒకరు చెప్పాలా? అయినా ఆ పేరు చూసి ఎవరూ జడవలేదు.

"దేశంల పైలట్ల కొరత మస్తుగున్నది మేడం! మా సెమినార్‌ల పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలె."

"నేను ఇప్పుడు ఎగరడం లేదండీ..."

"లీవుల ఉన్నరని తెల్సు. అందుకే గదా దొరికిన్రు!"

మనోజ్ఞ ఇంకో మాట అనేలోపే వెంకటకృష్ణ గారు సరేననేశారు. కూతురు ఫ్లెక్సీ ఎక్కుతుంటే ఏ తండ్రి కాదంటాడు? మర్నాటికల్లా బస్టాండు దగ్గర యూనిఫాంలో నవ్వుతున్న మనోజ్ఞ వెలిసింది. పక్కన ఎర్ర అక్షరాలు: కొరత! కొరత! కొరత!

సెమినార్ రోజు ఫంక్షన్ హాల్ గుమ్మంలోనే ఒకాయన ఆమెకు ఎదురొచ్చాడు. ములకలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన గోప్యా. వెంట ఇంటర్ పూర్తయిన కూతురు చాంది.

"నీ ఫొటో చూసే ధైర్యం చేసిన బిడ్డా" అన్నాడు గోప్యా. "మా చాందిని గూడ నీ లెక్క చేస్త. ట్రాక్టర్ అమ్మకానికి పెట్టిన. ఇయ్యాల పొద్దుమీకి వచ్చి తోలుకపోతరు."

"ట్రాక్టర్ పోతే మీకు పనెట్లా?"

"వేరేటోళ్ళ బండి జీతానికి తోలుత. బిడ్డ విమానం నడుపుతుంటే నాకేం తక్కువ?"

ఫర్లో సంగతి బయట మాట్లాడొద్దని కంపెనీ గట్టిగా చెప్పింది. ముందు వరసలో తండ్రి పట్టు చొక్కా వేసుకుని కూర్చున్నారు. నాలుగు తియ్యటి మాటలు చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోతే ఎవరికీ ఏ నొప్పీ ఉండదు, ఒక్క గోప్యాకు తప్ప.

మైకు చేతికొచ్చింది.

"నేను లీవులో లేను" అంది మనోజ్ఞ. "నన్ను జీతం లేకుండా ఇంటికి పంపించారు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. నాతో చదివినవాళ్ళలో చాలామందికి ఇంకా మొదటి ఉద్యోగమే రాలేదు. కొరత నిజమే. అది ఏళ్ళ తరబడి నడిపిన కెప్టెన్లకు. కొత్తవాళ్ళం మాత్రం మిల్లు ముందు గెలల ట్రాక్టర్లలా వరసలో ఉన్నాం."

వెంకటకృష్ణ గారు తలొంచుకుని తన చెప్పుల వైపు చూసుకున్నారు. కోటేష్ మొహం వాడిపోయింది.

ఇంతలో వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. "అంటే అమ్మా, పని చెయ్యకున్నా ఉద్యోగం పోదా?"

"పోదు, కానీ..."

"గట్ల చెప్పు మరి! ఇది సర్కారు కొలువు కంటే నయం గదా!"

చప్పట్లే చప్పట్లు! కోటేష్ మొహం మళ్ళీ వెలిగింది. మైకు లాక్కుని "విన్నరా? ఎంత భద్రమో విన్నరా?" అని అరిచాడు. జనం లేచి అడ్మిషన్ల టేబుల్ మీద పడ్డారు. నిజం చెప్పి ఒక అకాడమీని ఇంతగా నిలబెట్టిన మనిషి చరిత్రలో ఇంకొకరు ఉన్నారా?

ఆ తోపులాటకు ఎదురీదుకుంటూ చాంది ఒక్కతే స్టేజీ దగ్గరికి వచ్చింది. వెనకే గోప్యా.

"అక్కా, వేరే కంపెనీల చేరొచ్చు గదా?"

"కొన్నేళ్ళదాకా ఈ కంపెనీ వదలనని బాండ్ రాసిచ్చాను. చేరనివ్వరు."

"మరి ఎందుకైనవ్ పైలట్?"

మనోజ్ఞ స్టేజీ అంచున కూర్చుంది. "ఒకసారి తెల్లారుతుండగా మన గోదావరి మీదుగా వచ్చాం. కింద అడవంతా మంచు. మధ్యలో ఏరొక్కటే వెండి గొలుసులా మెరుస్తోంది. అదిగో మా ఊరు అటువైపే అని కెప్టెన్‌కు చూపించాను. ఆ ఒక్క పొద్దు కోసం మళ్ళీ మొదటి నుంచీ చదవమన్నా చదువుతాను."

చాంది కళ్ళు పెద్దవయ్యాయి. గోప్యా బెంబేలెత్తాడు. "ఇప్పుడేం జెయ్యమంటవ్ బిడ్డా? పొమ్మంటవా, వద్దంటవా?"

"పొమ్మనే అంటాను, ఇప్పుడే కాదు. ముందు పైలట్ల మెడికల్ పరీక్ష చేయించండి. అది పాసవకపోతే ఎంత ఖర్చు పెట్టినా వృథా. ఈలోగా డిగ్రీ చదవనివ్వండి. స్కాలర్‌షిప్పుల సంగతి నేను కనుక్కుంటాను. లెక్కలూ ఫిజిక్సూ నేనే చెప్తాను, ఎట్లాగూ ఖాళీనే కదా! ట్రాక్టర్ మాత్రం అమ్మకండి."

గోప్యా కూతురి వైపు చూశాడు. చాంది తలూపింది. ఆయన అక్కడే ఫోన్ తీసి "రావద్దన్నా, బండి అమ్ముతలేను" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

తిరుగుదారిలో వెంకటకృష్ణ గారు కారు నడుపుతూనే అడిగారు. "కొరత కెప్టెన్లకే అయితే, మరి నువ్వు కెప్టెన్ అయ్యేదెప్పుడమ్మా?"

"ఎగరనిస్తే కదా నాన్నా!"

వారం తిరక్కుండానే ఆయన పేపరు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తుకొచ్చారు. మనోజ్ఞ కంపెనీయే ఇచ్చిన ప్రకటన. ట్రైనీ పైలట్లు కావలెను, శిక్షణ ఖర్చు అభ్యర్థులదే!

"చూశావా, ఖాళీలున్నాయి! వెంటనే అప్లై చెయ్యి!"

మనోజ్ఞ హెచ్చార్‌కు ఫోన్ చేసింది. అవతల అదే చిరునవ్వు గొంతు.

"సారీ మేడం, మీరు అర్హులు కారు."

"ఎందుకని?"

"మీరు ఆల్రెడీ మా ఉద్యోగి కదా!"

ఫోన్ పెట్టేసి మనోజ్ఞ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఏమైందోనని నాయనమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏమన్నారమ్మా?" వెంకటకృష్ణ గారు ఆత్రంగా అడిగారు.

"నా ఉద్యోగం చాలా గట్టిదంట నాన్నా. ఇంకొకటి ఇవ్వరంట!"

ఆయన తృప్తిగా పేపరు మడిచి, ఈ మాట చెప్పడానికి మిల్లుకు బయల్దేరారు.