లంగా కట్టిన పడవ

ఆడవాళ్ల లంగాకు గోదావరి మీద ఏం పని అని మీరు నవ్వుతారని తెలుసు. ఎనభై ఎనిమిదిలో నా ఆదివారాలన్నీ దాని మీదే నడిచాయి.

అప్పుడు నేను గోదావరిఖనిలో సర్వే సెక్షన్లో ఉన్నాను. వారంలో రెండు మూడు రోజులు బాయిలోకి, అంటే బొగ్గు గనిలోకి, దిగేవాణ్ని. వర్క్‌షాపు ఫిట్టరు నజీర్‌కు చిన్న పడవ ఉండేది. సెలవు రోజు ఇద్దరం గాలాలు పట్టుకుని బయలుదేరేవాళ్లం. ఒకసారి పెద్ద గాలి మా పడవను ఈడ్చుకుపోయి రాళ్లకు కొట్టింది. నాకు ఈత రాదు. నడుములోతు నీళ్లలో మునిగిపోతున్న నన్ను నజీర్ కాలరు పట్టి ఒడ్డుకు లాగాడు. ఇంటికొచ్చాక నా భార్య అనసూర్య నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, ఇక పడవ ఎక్కనని ఒట్టు వేయించుకుంది.

ఒట్టు మూడు వారాలు నిలిచింది. నా సంగతి తెలిసినవాళ్లకు అది తక్కువేమీ కాదు.

నాలుగో వారం ప్లేడే డ్యూటీ పడిందని చెప్పాను. ఆదివారం సెలవును మా దగ్గర ప్లేడే అంటారు. అవసరమైతే ఆ రోజు కూడా కొందరిని పనిలోకి పిలుస్తారు. ఆఫీసుకు పోయి అది నిజమా కాదా అని అడిగే భార్యలుండరని నా ధైర్యం.

భార్య నమ్మింది గానీ గాలి వినలేదు. గాలం అడుగుకు చేరేలోగా పడవ చేపలున్న చోటు దాటిపోయేది. పడవ నిలపడానికి రాయి కట్టి వేస్తే మడుగు లోతుకు తాడు చాలలేదు. బకెట్ కట్టి ఈడిస్తే పిడి మాత్రం మాకు మిగిలింది. గోనెసంచి చిరిగింది.

"మూతి వెడల్పుండాలె అన్నా, తోక సన్నగుండాలె. నీళ్లు నిండితె పడవను వెనకకు గుంజుతది," అన్నాడు నజీర్.

ఆ ఆకారం ఎక్కడో చూశాననిపించింది. మా ఇంటి దండెం మీద.

మరుసటి ఆదివారం అనసూర్య ఎర్ర లంగా నా టిఫిను సంచిలో ప్రయాణం చేసింది. అంచు చుట్టూ సైకిల్ రిమ్ము కట్టాం. నాడా దగ్గర పిడికిలంత సందు వదిలాం. వెనక తాడుకు కట్టి నీళ్లలో వేస్తే అది ఉబ్బింది, పడవ ముకుతాడు వేసిన కోడెలా నెమ్మదించింది. రెండు వాలుగలు పడ్డాయి. డ్యూటీ నుంచి చేపలతో వచ్చేవాడెవడూ ఉండడు కనుక రెండూ నజీర్ భార్య మహబూబీకి పోయాయి. నేను ముఖానికి బొగ్గుపొడి బాగా పూసుకుని, సొరకాయ కూర తినడానికి ఇంటికి వచ్చాను.

అనసూర్య బెల్లంపల్లి బాయి కార్మికుడి బిడ్డ. తలుపు తీసి నా నుదురు చూసింది.

"టోపీ పెట్టుకోలేదా?"

"పెట్టుకున్న."

"టోపీ కింద గూడ బొగ్గు పడ్డదా?"

బాయి దిగినవాడి నుదుట టోపీ ఉన్నంత మేర తెల్లటి పట్టీ మిగులుతుంది. ఇన్నేళ్లు దిగినా నాకది తట్టలేదు.

ఆమె ఇంకేమీ అనలేదు. అక్కణ్నుంచి నాకు అనుమానం మొదలైంది. నోరున్న మనిషి ఊరుకుందంటే ఎక్కడో ఏదో జరుగుతున్నట్టే. నేను తిరిగి దండెం మీద ఆరేసిన లంగా ఆమె దులిపితే ఇసుక రాలింది. గాలికి వచ్చిందన్నాను. చేపల వాసన ఏమిటంది. గోదావరి గాలి అన్నాను. ఇంకో వారం పచ్చ లంగా రిమ్ముకు పట్టి చిరిగితే, పక్కింటి ఐలవ్వ మేక నమిలిందని చెప్పాను. ఐలవ్వ ఆ మేకను అమ్మి రెండు నెలలైందట. అది కూడా అనసూర్య కోపం లేకుండానే చెప్పింది.

తర్వాతి ఆదివారం దండెం మీద ఒక్కటే లంగా ఉంది. చూడకుండానే సంచిలో కుక్కుకుని పోయాను. పడవలో నజీర్ దాన్ని విప్పి అంచంతా తడిమి చూశాడు. మందపు కాన్వాసు గుడ్డ. అంచున రిమ్ము సరిగ్గా దూరేటంత మడత. నాడా బదులు నైలాన్ తాడు.

"అన్నా, ఇది వదినె కట్టుకునేది కాదు. పడవ కట్టుకునేది."

గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. పది రోజుల కింద అనసూర్య వాళ్లింటికి వచ్చి మహబూబీని నిలదీసింది. అంతా విని, పోయేముందు రిమ్ము కొలత తీసుకుంది. నాకు చెప్పొద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

ఆ రోజు గాలి ఎప్పటికంటే ఎక్కువ. పడవ మాత్రం బురదలో పడుకున్న బర్రెలా కదలకుండా ఉంది. చేప లాగుతున్నా నేను గాలం చూడలేదు.

ముఖం కడుక్కుని ఇంటికి పోయాను. అనసూర్య పళ్లెం పెడుతోంది.

"ఆగిందా?"

"ఆగింది."

"రెండు కుట్లేసిన. ఒక్క కుట్టు మీద నమ్మకం రాలె."

అన్నీ తెలిసి నన్నెందుకు ఆపలేదని అడిగాను. ఆమె అన్నం వడ్డిస్తూనే చెప్పింది.

"ఆపితె ఆగే మనిషివా నువ్వు? పడవనన్న ఆపుదమనుకున్న."

ఆమె పోయి ఏళ్లైంది. ఆ మాట పోలేదు. ఆ రోజు నేను తల ఎత్తకుండా, వడ్డించింది వడ్డించినట్టు తిన్నాను.